జీను కింద బొంత

రాజగోపాల్ గారమ్మాయి గుర్రం మీద జీను లేకుండా, నిక్కరు వేసుకుని, జుట్టు విరబోసుకుని కాలవగట్టున పోతోందని, పోతూ పోతూ గుర్రం మెడ మీద తలవాల్చి నిద్ర కూడా పోతోందని విజయశ్రీ జయంతితో అన్నదట. "రేపు ఆ పిల్లకి సంబంధాలు చూసేటప్పుడు మటుకు మనల్ని అడక్కుండా ఉంటే చాలు" అని కూడా అన్నదట. ఆ మాట జయంతి ఫోన్లో వసుమతికి మోసింది. మోస్తూ, "నేనన్లేదమ్మా తల్లీ, ఆవిడన్నది. నేను విన్నానంతే" అని మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి అన్నది.

వసుమతి అప్పుడు పొయ్యి దగ్గరుంది. ఫోను తీగ గోడ నుంచి పొయ్యి దాకా సాగి పోపులో పడబోతుంటే మోచేత్తో నెట్టింది.

"మా రేణు నిద్రపోతే గురక పెడుతుంది జయంతీ. విజయశ్రీ అంత దగ్గర్నించి చూసిందంటే గురక కూడా వినపడుండాలే. అడిగి చూడు" అని ఫోను పెట్టేసింది. పెట్టడంలో జోరు ఎక్కువై రిసీవరు కొక్కెం మీంచి జారి, గోడకి కొట్టుకుంటూ వేలాడింది.

జీను లేకుండా ఎక్కుతున్న మాట నిజమే. జీను లేదు గనక ఎక్కుతోంది. చాండ్లర్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు వెనకాల కంచె వేసిన జాగా, రేకుల కొట్టం, అందులో ఒక గోధుమరంగు ఆడగుర్రం, అన్నీ ఇంటితోపాటే వచ్చాయి. ఇల్లమ్మిన ముసలాయన ఒహాయోలో కొడుకు దగ్గరికి పోతూ జీను ఎవరికో ఇచ్చేశాడు. గుర్రాన్ని మాత్రం "దీని ఊరు ఇదే" అని వదిలేసి పోయాడు. పేరు పెన్నీ. నెల్లూరు మనిషి వసుమతి నోట్లో పడి అది పెన్నమ్మ అయింది.

పొట్టిది, వెడల్పు మనిషి లాంటి గుర్రం. మూపు ఎత్తుండదు. వీపు అరుగులా ఉంటుంది. బడి నుంచి రాగానే రేణు దాన్ని కాలవ తూము దగ్గరికి నడిపించుకుపోయేది. తూము మీది సిమెంటు దిమ్మ ఎక్కి, జూలు గుప్పిట పట్టి, వీపు మీద బియ్యపు మూటలా అడ్డంగా బోర్లా పడి, పాకి, కాలు తిప్పి లేచి కూర్చునేది. పద్నాలుగేళ్ళ పిల్ల. తిరిగొచ్చేసరికి తొడల మీద గుర్రం చెమట, దానికి అతుక్కున్న వెంట్రుకలు. ఆ వాసన స్నానం చేసినా పోయేది కాదు.

"సాడిల్ ఎందుకమ్మా? వీపు మీద కూచుంటే తెలుస్తుంది. పెన్నీ టర్న్ చేసే ముందే నా కాలు కింద మజిల్ వస్తుంది. భయం వేస్తే స్కిన్ వణుకుతుంది. నాకు ముందే తెలుస్తుంది" అనేది రేణు. ఇంగ్లీషు నాలుకతో తెలుగు మాట్లాడితే ఏ మాటకామాట విడిగా పడుతుంది. వసుమతికి ఆ పిల్ల మాట్లాడేది వినడం ఇష్టం. సరిగా వినడం మాత్రం తక్కువే.

ఆ సాయంత్రం రాజగోపాల్ స్టేషన్ వ్యాగన్ వెనక తలుపు ఎత్తి, "ఇలా రండి ఇద్దరూ" అని పిలిచాడు. లోపల దుప్పటి మీద జీను. నల్లటి తోలు, దాని నిండా చెక్కిన గులాబీలు, అంచుల వెంట వెండి బిళ్ళలు. పెళ్ళికూతురి అలంకారంలా ఉంది.

"హాలిస్ ఇచ్చాడు. అంత మేనేజరూ తన చేతుల్తో నా కార్లో పెట్టాడు" అన్నాడు రాజగోపాల్. "లంచ్‌లో శ్యామ్‌సుందర్ ఉన్నాడే, వాళ్ళావిడ విజయశ్రీ ఏం చెప్పిందో ఏమో, మన రేణు సంగతి అందరి ముందూ జోక్ లాగా ఎత్తాడు. బేర్‌బ్యాక్ రైడింగ్, కౌబాయ్ సినిమాల్లోలా రియల్ ఇండియన్ అని. అందరూ నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. హాలిస్ ఒక్కడే, 'రాజ్, మా అమ్మాయి జార్జియా కాలేజీకెళ్ళింది, దాని జీను గరాజ్‌లో దుమ్ము తింటోంది, పట్టుకెళ్ళు' అన్నాడు. శ్యామ్‌సుందర్ మొహం చూడాల్సింది."

"బాగుంది" అంది వసుమతి. నిజంగానే బాగుంది.

"ఇవాళ్టి నించి జీను వేస్తేనే గుర్రం. లేకపోతే గుర్రమే లేదు. విన్నావా రేణూ? వచ్చే శనివారం హాలిస్ వాళ్ళని డిన్నర్‌కి పిలిచాను. నువ్వు ఎక్కి చూపించాలి."

గుర్రం కొట్టం ముందు నిలబడి గడ్డి నములుతోంది. రాజగోపాల్ జీను ఎత్తి వీపు మీద వేశాడు. నమలడం ఆగింది. పొట్ట కింద పట్టీ లాగి బిగించాడు. చెవులు రెండూ వెనక్కి, మెడకి అంటుకుపోయాయి. తోక ఒకసారి కొరడాలా ఆడింది. రేణు ఎక్కి నడిపించింది. రోజూ జాగా ఈ చివర నుంచి ఆ చివరకి చెయ్యి ఊపుకుంటూ పోయే మనిషిలా నడిచే గుర్రం, ముళ్ళ మీద నడుస్తున్నట్టు చిన్నచిన్న అంగలు వేసింది.

"పెన్నీకి నచ్చలేదు" అంది రేణు.

"నచ్చడమేమిటి, అదేమన్నా షాపింగ్‌కొచ్చిందా?" అన్నాడు తండ్రి.

"కొత్త జాకెట్టు మొదట పట్టేసినట్టే ఉంటుందే. నాలుగు రోజులైతే అలవాటవుతుంది" అంది తల్లి.

ఆ మాట అంటుండగానే అది అబద్ధమని వసుమతికి తెలుసు. పక్కూరు మీసాలో, మాల్‌లో పెద్ద బట్టల షాపుంది. అక్కడ ఆల్టరేషన్స్ బల్ల దగ్గర ఆవిడ ఉద్యోగం. పొద్దస్తమానం గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని మనుషుల చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతుంది. చంకలో పట్టేసిన బట్ట ఎన్నాళ్ళు తొడిగినా అలవాటు కాదు. తొడిగిన మనిషే చెయ్యెత్తడం మానేస్తుంది. అయినా ఆ పూట ఇంట్లో గొడవ లేకుండా పోవాలి. అందుకని అనేసింది.

*

మర్నాటి నుంచి పెన్నీ జీను చూస్తేనే మొహం తిప్పుకునేది. పట్టీ బిగించబోతే పళ్ళు చూపించేది. రేణు బడి నుంచి వచ్చేసరికే రాజగోపాల్ ఆఫీసు నుంచి వచ్చేసి కొట్టం దగ్గర నిలబడేవాడు. ఎప్పుడూ ఏడింటికి ముందు ఇల్లు చేరని మనిషి. టై కూడా విప్పకుండా, చేతిలో పాత పగ్గం ముక్క రెండు మడతలు పెట్టి పట్టుకునేవాడు. గుర్రం పక్కకి జరిగితే ఒకటి. తల విసిరితే ఒకటి. మెడ తిప్పి తన పక్కటెముకల వైపు చూసుకున్నా ఒకటి.

"డోంట్ హిట్ హర్!" అని రేణు అరిచేది.

"డిసిప్లిన్. ఇన్నాళ్ళూ అడిగేవాడు లేక పొగరెక్కింది. నీకూ అంతే" అనేవాడు.

వసుమతి వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసింది. చూసి తనకి తోచింది తను చేసింది. పాత వెంకటగిరి చీరలు, ఉతికి ఉతికి మెత్తబడి చేత్తో పట్టుకుంటే జారిపోయేవి, పెట్టె అడుగు నుంచి తీసింది. మడతల మీద మడతలు పేర్చింది. మిషను మీద అడ్డంగా, నిలువుగా, మళ్ళీ ఐమూలగా కుట్టింది. చంటిపిల్లకి బొంత కుట్టినట్టే కుట్టింది. దళసరిగా వచ్చింది. అరచేత్తో అదిమి చూసుకుంటే తనకే దాని మీద పడుకోవాలనిపించింది.

"గట్టి తోలు గుచ్చుకుంటోందేమో దానికి. కింద ఇది వెయ్యండి" అని తెచ్చి ఇచ్చింది.

రాజగోపాల్ బొంత పరిచి, దాని మీద జీను పెట్టి, పట్టీ ఇంకో రంధ్రం దాకా లాగాల్సొచ్చింది. మోకాలు గుర్రం డొక్కకి ఆనించి లాగాడు. పెన్నీ మెడ తిప్పి, పట్టీ లాగుతున్న మనిషిని వదిలేసి, పక్కన నిలబడ్డ వసుమతి చీర కొంగు పళ్ళతో పట్టుకుంది. కొరకలేదు. పట్టుకుని ఆగింది.

"ఛీ, వదులు" అని వసుమతి కొంగు లాక్కుంది.

గురువారం కాలవగట్టు దిగే చోట పెన్నీ రేణుని పడేసింది. రేణు వారం కిందటి దాకా రోజూ దిగిన చోటే. గట్టు వాలులోకి రాగానే గుర్రం ఆగిపోయింది. రాజగోపాల్ వెనక నుంచి పగ్గంతో అంటించాడు. అది ముందుకాళ్ళు దించబోయి, మూపు దగ్గర ఏదో కోసినట్టు గాల్లోకి లేచి వెనకకాళ్ళు విసిరింది. రేణు గులాబీల మీద నుంచి ఎగిరి మట్టిలో మోచేతుల మీద పడింది.

వసుమతి పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల లేచి కూర్చుంది. ఎడమచేతి మణికట్టు అప్పుడే ఉబ్బుతోంది. రాజగోపాల్ కూతుర్ని చూడ్డం లేదు. గుర్రాన్ని కొడుతున్నాడు. మెడ మీద, మూతి మీద, చెయ్యి ఎక్కడ ఆడితే అక్కడ. గుర్రం పారిపోలేదు. వీపు మీద ఆ జీనుని మోసుకుని పారిపోయి మాత్రం ఏం చేస్తుంది? నాలుగు కాళ్ళూ పాతేసుకుని నిలబడి, ఒళ్ళంతా గాలికి చెరువు నీళ్ళలా వణికింది.

"మొదట పిల్లని చూడండి!" అని వసుమతి అరిచిన అరుపుకి కాలవ అవతల పత్తి చేలో ట్రాక్టరు మీదున్నవాడు కూడా తల తిప్పాడు.

ఇంటికి వచ్చి, ఐసు ముక్కలు గుడ్డలో కట్టి రేణు చేతికి పెడుతుంటే రాజగోపాల్ ఫోను తిప్పాడు. ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడాడు. పెట్టేసి చెప్పాడు: "ఆదివారం పొద్దున ట్రక్కొస్తుంది. వేలానికి తీసుకెళ్తారు."

"ఆక్షన్‌లో ఎవరు కొంటారు తెలుసా నాన్నా?" అంది రేణు. ఏడవడం లేదు. పెదాలు తెల్లబడ్డాయి. "బ్యాడ్ హార్స్ అని చెప్తే రైడింగ్‌కి కొనరు. మీట్‌కి కొంటారు."

"అది కొన్నవాళ్ళిష్టం. పిల్లల్ని పడేసే జంతువుని నేను మేపను. కానీ శనివారం హాలిస్ ముందు ఒక్క రౌండు తిరగాలి. నువ్వు ఊరికే కూచో, నేనే పగ్గం పట్టుకుని నడిపిస్తాను. ఆయనిచ్చినదానికి ఆ మాత్రం మర్యాద."

"పడేసిందంటున్నారు, మళ్ళీ దాని మీదే ఎక్కించి చూపిస్తానంటున్నారు. మీకేమైనా మతుందా?" అంది వసుమతి.

"నాకు మతుంది కనకే ఉద్యోగం చేస్తున్నాను. నువ్వెళ్ళి ఆ జీను విప్పు. తోలు పాడవుతుంది."

*

జీను విప్పడానికి వెళ్ళిన వసుమతి కోపం మీద ఉంది. ఆ కోపంలో కొంత గుర్రం మీద కూడా ఉంది. పిల్లని పడేసింది మరి. పట్టీ వదులు చేసి, జీను దించి, గడ్డి మోపు మీద పడేసింది. బొంత ఊడబెరికింది.

బొంత పిండితే నీళ్ళు కారేట్టుంది. కానీ అంతా కాదు. మూపుకి ఇటొకటి అటొకటి, అరచేయంత చోట మాత్రం పొడిగా ఉంది. అక్కడ పట్టుకు చూసింది. తను మడతలు మడతలుగా పేర్చి కుట్టిన మెత్తదనమంతా ఆ రెండు చోట్లా అణిగి అప్పడంలా బిగుసుకుపోయింది. అట్టముక్కలా విరిగేట్టుంది.

గుర్రం వైపు చూసింది. వీపంతా చెమటతో నల్లబడి ఉంది. మూపు కింద రెండు చోట్ల మాత్రం, బొంతకి అద్దం పట్టినట్టు, గోధుమరంగు పొడిగా మెరుస్తోంది. నొక్కిన నొక్కుకి అక్కడ చెమట కూడా పుట్టలేదు. వసుమతి అరచెయ్యి అక్కడ ఆనించింది. ఊరికే ఆనించింది, అంతే. పెన్నీ మోకాళ్ళు వంగిపోయాయి. నేలలోకి దిగిపోయి ఆ చేతి కింద నుంచి తప్పుకోవాలని చూసింది.

"అమ్మ నాయనో" అంది వసుమతి, పైకే.

చెయ్యి తీసి తన చీరకి తుడుచుకుంది, తుడవడానికి ఏమీ లేకపోయినా. జీనుని వెల్లకిలా తిప్పింది. పైనంతా గులాబీలు. కింద గొర్రెబొచ్చు అతికించి ఉంది. దాని లోపల వేళ్ళతో తడిమితే చెక్కలు తగిలాయి, కప్పు వాసాల్లా రెండు, పైన దగ్గరగా, కిందకి నిటారుగా. ఎత్తు మూపు, సన్నటి వీపు ఉన్న గుర్రానికి కోసిన చెక్కలు. ఇరవై ఎనిమిది నడుము పంట్లాం తెచ్చి ముప్పై ఆరు నడుముకి ఎక్కించారు. పట్టడం లేదని లోపల ఇంకో పంట్లాం తొడిగింది తను.

ఇంట్లోకి వెళ్ళి ఇస్త్రీ బట్టల తీగ హ్యాంగరు తెచ్చి కొక్కెం విరిచి సాగదీసింది. పెన్నీ మూపు వెనకాల, భుజపుటెముక కదిలే చోటు వేళ్ళతో వెతికి పట్టుకుని, అక్కడ తీగని వీపు మీద అడ్డంగా పెట్టి, రెండు వైపులా మెల్లగా వంచుతూ దించింది. మనుషుల భుజం వాలు తీసినట్టే. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ ఆ పొడి మచ్చల దగ్గర తీగ తగలకుండా ఎత్తి పట్టుకుంది. వంపు చెదరకుండా తీసి, తిరగేసిన జీను లోపల ఆనించి చూసింది. తీగ లోపలికి పోనే పోలేదు. చెక్కల అంచుల మీద, దొంతి మీద పెద్ద గిన్నెలా, పైకి తేలి కూర్చుంది.

అలాగే పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది. రాజగోపాల్ సోఫాలో కూర్చుని వార్తలు చూస్తున్నాడు.

"గుర్రం పొగరు కాదండీ. ఆ జీను దాని ఒంటికి పట్టదు. రెండు వైపులా చెక్కలు దిగి నొక్కుతున్నాయి. నేను కుట్టిన బొంతతో ఇంకా బిగిసింది. చూడండి, ఇదీ దాని వీపు" అని తీగ చూపించింది.

ఆయన తీగ వైపు చూడలేదు. "హాలిస్ కూతురు దాని మీద పోటీల్లో రిబ్బన్లు గెలిచింది."

"గెలిస్తే దాని గుర్రం మీద గెలిచింది. ఇది దీని వీపు."

"నువ్వు జాకెట్లు కుట్టుకునేదానివి. గుర్రాల సంగతి నీకెందుకు?"

"మీరు కంప్యూటర్ చిప్పులు చేసుకునేవారు. గుర్రాన్ని కొట్టడం మీకెందుకు?"

టీవీ కట్టేశాడు. "చూడు వసూ. ఆఫీసులో లీడ్ పోస్టుకి శ్యామ్‌సుందర్ పేరు, నా పేరు, రెండే ఉన్నాయి. హాలిస్ నోటి మాట. ఇప్పుడు నేను వెళ్ళి, అయ్యా తమరు దయతో ఇచ్చిన జీను మా గుర్రానికి పట్టలేదు, వెనక్కి పుచ్చుకోండి అని చెప్పనా?"

"చెప్పండి. అందులో తప్పేముంది?"

"నీకర్థం కాదు."

"ఆయన నొచ్చుకుంటాడని దాన్ని చంపుతారన్నమాట."

"ఎవడు చంపుతున్నాడు? అమ్ముతున్నాను" అని మళ్ళీ టీవీ పెట్టుకున్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం వసుమతి సెలవు పెట్టి, రేణుని బడి దగ్గర్నించే ఎక్కించుకుని, ఊరి దక్షిణాన పాల డెయిరీలు దాటి ఉన్న గుర్రపు జీన్ల కొట్టుకి పోయింది. రేణు కట్టు కట్టిన చేత్తోనూ మామూలు చేత్తోనూ తీగని ఒళ్ళో పెట్టుకుని పాలగిన్నెలా పట్టుకుంది. స్పీడు బంపు వచ్చినప్పుడల్లా "స్లో అమ్మా, స్లో" అంది.

కొట్టువాడు పేపరు మీంచి కళ్ళెత్తి చీర వైపు చూసి, పాతవి వెనకున్నాయని బొటనవేలితో చూపించి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు. వెనక గదిలో బల్లల మీద, దూలాల మీద, నేల మీద జీన్లు. వసుమతి కొంగు బిగించి దోపింది. ఒక్కోదాన్ని ఎత్తి తిరగేయడం, తీగ పెట్టడం, కాదని పక్కకి నెట్టడం. ఒకటి మరీ ఇరుకు. ఒకటి పైన పట్టి కింద గుచ్చుతోంది. ఒకటి అంత వెడల్పుగా ఉండి తీగ మీద ఉయ్యాలూగింది, అది జారి నడ్డి మీద పడుతుంది. చూపుకి బాగున్నవన్నీ లోపల బాగాలేవు. ఎత్తిన ప్రతి దానికీ మొగుణ్ణి ఒక మాట అనుకుంది, లోపల. కొన్ని పైకే వచ్చాయి.

"ఆ వర్డ్ మీనింగ్ ఏంటమ్మా?" అంది రేణు.

"నీకక్కర్లేదు."

మూల, బస్తాల వెనక దొరికింది. తోలు ఎండకి వెలిసి, కాలు పెట్టుకునే రికాబు పట్టీ ఒకటి తెగి, కూచునేచోట ఎవరో జీవితమంతా కూచున్న గుంట. ఒక్క పువ్వు లేదు. తిరగేసి తీగ పెడితే రెండు వైపులా ఒకే తీరుగా, పెరుగు మీద మీగడలా ఆనింది. వసుమతి మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. ఆ తర్వాతే ఊపిరి వదిలింది.

తీసుకెళ్ళి వేసి చూసుకోండి, పట్టకపోతే తెచ్చెయ్యండి అన్నాడు కొట్టువాడు. ఆవిడ డ్రైవింగ్ లైసెన్సు చూసి పేరు, అడిగి ఫోను నంబరు రాసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి రాజగోపాల్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, కారు షెడ్డులో పెట్టకుండానే కొట్టం దగ్గరికి పోయారు. జీను చూడగానే పెన్నీ గోడ వైపు తిరిగిపోయింది. రేణు దాని మెడకి నుదురు ఆనించి ఏదో గొణిగింది. వసుమతి ఒక్క పల్చటి దుప్పటి మడత మాత్రం వేసి, జీనుని కొంచెం ముందుగా పెట్టి, అదే వెనక్కి జారి ఎక్కడ కుదురుకుంటుందో అక్కడ వదిలేసింది. జీను కింద అరచెయ్యి దూర్చింది. చెయ్యి మెత్తగా లోపలికి పోయింది. రేణు గుర్రం ముందుకాలు ఎత్తి పట్టుకుంది. భుజపుటెముక వసుమతి వేళ్ళ మీంచి జారి వెళ్ళింది, నలపలేదు. పట్టీ బిగిస్తుంటే గుర్రం మెడ తిప్పింది. వసుమతి కొంగు పళ్ళతో పట్టుకోలేదు ఈసారి. ఆగి ఆగి, తల దించి, పెదాలు చప్పరించి, పొడుగాటి నిట్టూర్పు విడిచింది.

రేణు ఒంటిచేత్తో ఎక్కింది. రెండు అంగలు ముళ్ళ మీద పడ్డాయి. మూడో అంగకి గుర్రం చెవులు ముందుకొచ్చాయి.

వసుమతి కొట్టం గుంజకి ఆనుకుని నిలబడింది. సంతోషం రావాలి. కోపమే వచ్చింది. ఇంత తేలికా? ఒక తీగ ముక్క. దానికి ఇన్ని దెబ్బలా?

"రేపు అందరి ముందూ దీంతోనే ఎక్కు" అంది.

"నాన్న?"

"ఆయన సంగతి నేను చూసుకుంటా. ఎవరొద్దంటారో చూస్తా."

*

శనివారం సాయంత్రం హాలిస్, ఆయన భార్య, శ్యామ్‌సుందర్, విజయశ్రీ పెరట్లో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. హాలిస్ గారెని డోనట్ అన్నాడు, ఉప్పగా ఉన్నా మూడోది తింటున్నాడు. విజయశ్రీ పట్టుచీర కట్టుకొచ్చింది. "రేణు పెద్దదైపోయింది కదూ వదినా, ఇంకా గుర్రాలూ అవీ అంటే మీకు బెంగగా ఉండదూ?" అంది.

"నిద్రపోకుండా ఉంటే చాలు" అంది వసుమతి. విజయశ్రీ మంచినీళ్ళు తాగింది.

రాజగోపాల్ గులాబీల జీనుకి పొద్దుటే నూనె రాసి మెరిపించాడు. చేతులు తుడుచుకుంటూ, "ఇక చూద్దామా?" అని లేస్తుండగా రేణు కొట్టం పక్కనుంచి గుర్రం మీద రానే వచ్చింది. వెలిసిపోయిన జీను. తెగిన పట్టీకి వసుమతి నూలుతాడు కలిపి కుట్టింది. బల్ల ముందు నుంచి నడకలో, తర్వాత పరుగులో జాగా చుట్టూ తిరిగింది. కంచె తలుపు దాటి కాలవగట్టు ఎక్కింది. తనని పడేసిన వాలులోనే మెల్లగా దిగింది. పెన్నీ తల ఊపుకుంటూ, అత్తవారింటి నుంచి పుట్టింటికొచ్చినదానిలా దిగింది.

"నైస్ మూవర్" అన్నాడు హాలిస్. "మరి జార్జియా జీనేదీ?"

రాజగోపాల్ నవ్వాడు. పళ్ళన్నీ కలిసే ఉన్నాయి. రోజువారీ వాడకానికి అది మరీ మంచిది గనక దాచి ఉంచామని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆయన వాక్యం పూర్తయ్యే లోపల వసుమతి లేచి వెళ్ళింది. గులాబీల జీనుని పొట్టకి ఆనించి మోసుకొచ్చి, గారెల పళ్ళెం పక్కకి నెట్టి, బల్ల మీద వెల్లకిలా పడేసింది. తీగ దాని మీద పెట్టింది.

"మిస్టర్ హాలిస్, ఈ తీగ మా గుర్రం వీపు. ఇది మీ జీను" అంది తన ఇంగ్లీషులో. "పట్టదు. వారం నుంచి దీని కింద అది దెబ్బలు తింటోంది."

"వసూ!" అన్నాడు రాజగోపాల్.

హాలిస్ నొచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి వంగాడు. తీగని ఒక్క వేలితో నొక్కాడు. లోపలికి పోలేదు. వేళ్ళు గొర్రెబొచ్చులోకి దూర్చి చెక్క అంచు తడిమి చూశాడు. అలాగే వంగి భార్య వైపు తల తిప్పాడు.

"బ్రాండీ" అన్నాడు.

"ఓ డియర్" అంది ఆవిడ.

"మా జార్జియా రిబ్బన్లన్నీ వేరే పాత జీను మీద గెలిచింది" అన్నాడు హాలిస్. "ఇది పుట్టినరోజుకి కొన్నాం, ఈ పువ్వులు చూసి. ఇది వచ్చిన ఏడాదే మా గుర్రం బ్రాండీ కొరకడం మొదలెట్టింది. రెండుసార్లు పిల్లని పడేసింది. మీన్ హార్స్ అనుకున్నాం. వేలానికి పంపేశాం." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "చిత్రమే. నాకెప్పుడూ తట్టలేదు. దీన్ని నేను పట్టుకెళ్ళిపోతాను రాజ్. మరి ఈ గుర్రాన్ని మీరు ఉంచుకుంటున్నారుగా?"

"ఆఫ్ కోర్స్!" అన్నాడు రాజగోపాల్. "అమ్మే ప్రశ్నే లేదు."

"అదేమిటండీ, రేపు ట్రక్కొస్తోందని మా ఆయనతో అన్నారటగా?" అంది విజయశ్రీ తెలుగులో, మంచినీళ్ళ గ్లాసు దించి.

శ్యామ్‌సుందర్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. రాజగోపాల్ మెడ ఎర్రబడింది. రేణు అప్పటికే గుర్రాన్ని బల్ల దాకా తెచ్చి దిగింది. ఒంటిచేత్తో పట్టీ వదులు చేస్తోంది. పెన్నీ మూతి చాచి వసుమతి కొంగు వాసన చూసింది.

"ట్రక్కుకి ఫోన్ చేసి కాన్సిల్ చేస్తాను, అదెంతసేపు" అన్నాడు రాజగోపాల్. ఇంగ్లీషు మానేసి, గొంతు పెంచి, ఇంటివాళ్ళ వైపు తిరిగాడు. "అసలీ సంగతి మొదట్లోనే నాతో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా?"

గురువారం నుంచీ నాలుక చివర కాచుకున్న జవాబు వసుమతి నోట్లోకి వచ్చింది. తీగ చేతిలోకి తీసుకుంది కూడా. ఆవిడ నోరు తెరిచే లోపల రేణు జీను ఎత్తి భుజాన వేసుకుని ఇటు తిరిగింది.

"పెన్నీ చెప్పింది. రోజూ చెప్పింది. మీరు కొట్టారు. అమ్మ బొంత కుట్టింది."